దారి తెరుచుకుంది, తలుపు కుదురుకోవాలి

ప్రొస్టేట్‌కు లేజర్ శస్త్రచికిత్స జరిగాక, కెథెటర్ (మూత్రం పోయే గొట్టం) తీసిన సాయంత్రం మా మేనమామ స్నానాల గదిలోంచి నవ్వుతూ వచ్చారు. ఎన్నో ఏళ్ల తర్వాత ధార నిండుగా పడిందట. మరునాడు పొద్దున ఒక్క తుమ్ముకు లుంగీ తడిసింది. "ఏదో చెడగొట్టారురా" అన్నారు దిగులుగా.

ఎవరూ ఏమీ చెడగొట్టలేదు. మూత్రనాళాన్ని చుట్టుకుని ఉండే ఈ గ్రంథి యువకుల్లో సుమారు 20 గ్రాములు ఉంటుంది. వయసుతో పెరిగి నాళాన్ని నొక్కేది దాని లోపలి భాగం. బత్తాయి తొక్కను అలాగే ఉంచి లోపలి తొనలు ఒలిచినట్టు, హోల్మియం లేజర్‌తో ఆ భాగాన్ని విడదీస్తారు. న్యూజిలాండ్ వైద్యుడు పీటర్ గిల్లింగ్ బృందం 1990లలో రూపుదిద్దిన పద్ధతి ఇది. ఆ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 2,140 నానోమీటర్లు. నీరు దాన్ని ఇట్టే పీల్చుకోవడం వల్ల కణజాలంలోకి అర మిల్లీమీటరు కూడా దిగదు. కోత పడుతుండగానే రక్తనాళాలు మూసుకుంటాయి.

మరి ఆ తడి ఎందుకు? మూత్రాన్ని ఆపే తలుపులు రెండు. మూత్రాశయం మెడ దగ్గరి పై తలుపు ఈ శస్త్రచికిత్సతో చాలావరకు తెరిచే ఉండిపోతుంది. వీర్యం బయటికి రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి మళ్లడానికీ ఇదే కారణం. ఈ సంగతి ముందే చెప్పించుకోవడం మంచిది. ఇక భారమంతా కింది కండరానిదే. ఇన్నాళ్లూ ఉబ్బిన గ్రంథే అడ్డుగా ఉండటంతో దానికి పెద్దగా పని పడలేదు. పైగా పరికరం రాకపోకలకు అది కాస్త సాగుతుంది కూడా. మూత్రాశయానిది మరో గొడవ. అడ్డంకి మీదికి తోసి తోసి దాని గోడ మందమెక్కి, కొద్దిగా నిండినా చిరచిరలాడుతుంది. అడ్డు తొలగినంత మాత్రాన ఆ చిరాకు ఒక్క రోజులో పోదు. చాలామందికి వారాల్లో, కొందరికి మూడు నుంచి ఆరు నెలల్లో సర్దుకుంటుంది. కొద్దిమందికి మాత్రం పోకుండా ఉండిపోతుంది.

కింది తలుపు గట్టిపడాలంటే, అపానవాయువును ఆపుకొనేటప్పుడు బిగించే కండరం ఉందే, వ్యాయామం దానికి కావాలి. మామయ్య మొదట్లో పొట్ట బిగించి, ఊపిరి బిగబట్టి, ముఖం కందగడ్డ చేసుకునేవారు. దానివల్ల లాభం లేదు.

రెండు, మూడు వారాలకు లోపలి పుండు మీది చెక్కు ఊడి మూత్రం మళ్లీ ఎర్రబడవచ్చు. మలబద్ధకంతో ముక్కినా, బరువులెత్తినా ఇలా జరుగుతుంది. చెంబు నీళ్లలో చిటికెడు కుంకుమ కలిపినట్టుంటే నీళ్లు తాగి విశ్రాంతి తీసుకుంటే చాలు. రక్తపు గడ్డలు పడినా, మూత్రం ఆగినా, చలిజ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నెలల తర్వాత ధార మళ్లీ సన్నబడితే నాళంలో మచ్చ కట్టిందేమో చూపించుకోవాలి. గ్రంథి తొక్క మిగిలే ఉంటుంది కనుక, క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది అక్కడే కనుక, పీఎస్ఏ పరీక్ష (ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) విషయం వైద్యుణ్ణి అడుగుతూ ఉండాలి.

నాలుగో నెలలో మామయ్య బస్సెక్కి విజయవాడ వెళ్లొచ్చారు. సంచిలో పెట్టుకున్న రెండో లుంగీ మడత విప్పకుండానే తిరిగొచ్చింది.