మాంద్యంలో ఖర్చు పెట్టిన రూపాయి ఎంత దూరం వెళ్తుంది?

మాంద్యం వచ్చినప్పుడు జనం ఖర్చు తగ్గించుకుంటారు, వ్యాపారులు పెట్టుబడులు వాయిదా వేస్తారు. ఒకరి ఖర్చే మరొకరి ఆదాయం కాబట్టి అందరూ పడే జాగ్రత్త చివరికి అందరి ఆదాయాన్నీ కుంగదీస్తుంది. అలాంటి సమయంలో ప్రభుత్వం అప్పు చేసైనా ఖర్చు పెట్టాలన్న వాదానికి 1936లో బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ సిద్ధాంత రూపం ఇచ్చారు. దాన్ని ఒప్పుకున్నవారిలోనూ చాలామందికి ఒక భయం ఉంటుంది. ఖజానా డబ్బుతో జనం విదేశీ సరుకు కొంటే ఆ మేలు పరాయి దేశానికి పోతుంది కనుక, ఖర్చుతోపాటు దిగుమతి సుంకాలనూ పెంచాలని వారు అంటారు. ఈ భయంలో కొంత నిజం ఉంది కానీ, వారు చెప్పే మందు రోగాన్ని ముదరబెడుతుందని నా నమ్మకం.

ముందు ఆ నిజమెంతో లెక్క చూద్దాం. చేతికొచ్చిన ప్రతి రూపాయిలో జనం 80 పైసలు ఖర్చు చేస్తారని, అందులో 10 పైసలు దిగుమతులకు పోతాయని అనుకుందాం. అప్పుడు ప్రతి విడతలోనూ 70 పైసలు దేశంలోనే మరొకరి ఆదాయంగా మారతాయి కాబట్టి, ప్రభుత్వం పెట్టిన 100 రూపాయలు చేతులు మారుతూ మొత్తం మీద సుమారు 333 రూపాయల ఆదాయాన్ని పుట్టిస్తాయి. దిగుమతులకు పోయేది 40 పైసలైతే ఆ మొత్తం 167 రూపాయలకు పడిపోతుంది. తేడా పెద్దదే. అయితే దాన్ని తగ్గించడానికి సుంకం ఒక్కటే దారి కాదు. డబ్బు మొదట ఎవరి చేతికి చేరుతుందన్నది అంతకంటే ముఖ్యం.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదటి విడతగా అమలైన 200 జిల్లాల్లో విజయనగరం ఒకటి. కాంట్రాక్టర్లు ఉండకూడదని, సామగ్రి ఖర్చు 40 శాతం దాటకూడదని ఆ చట్టం పెట్టిన షరతుల వల్ల డబ్బులో ఎక్కువ భాగం కూలిగానే చేతికందింది. చెరువు పూడిక తీసిన వేతనదారు ఆ కూలితో బియ్యం, పప్పు, కూరగాయలు కొంటుందే గానీ విదేశీ యంత్రాలు కొనదు. 2020లో లాక్‌డౌన్‌తో వలస కూలీలు సొంతూళ్ళకు తిరిగొచ్చినప్పుడు, కేంద్రం ఈ పథకానికి బడ్జెట్‌లో చూపిన 61,500 కోట్ల రూపాయలకు మరో 40,000 కోట్లు కలపడం ఈ కారణంగానే సరైన పని.

ఇక సుంకం చేసే చేటు పలాసలో కనిపిస్తుంది. దేశంలో పండే జీడిపిక్కలు మన పరిశ్రమకు చాలవు. ఆఫ్రికా దేశాల నుంచి తెప్పించుకోక తప్పదు. పిక్క కాల్చి, కొట్టి, పొట్టు తీసి, పప్పును గ్రేడు చేసే పనిలో ఎందరో మహిళలు బతుకుతున్నారు. అలాంటి చోట పిక్కల మీద సుంకం వేస్తే అది వీరి పని మీద వేసిన పన్నే అవుతుంది. కేంద్రం 2018 బడ్జెట్‌లో ఆ సుంకాన్ని 5 నుంచి 2.5 శాతానికి తగ్గించింది. మరుసటి ఏడాది జీడిపప్పు దిగుమతిపై మాత్రం సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచింది. రెండో నిర్ణయం ఇక్కడి యూనిట్లకు ఊరటే అయినా, ప్రతి దేశమూ అదే దారి పడితే మన ఎగుమతులకు చోటుండదు.

ప్రతి దేశమూ ఆ దారి పట్టిన కాలం ఒకటుంది. అమెరికా 1930లో స్మూట్-హాలీ చట్టంతో వేలాది వస్తువులపై సుంకాలు పెంచగా, కెనడా, ఐరోపా దేశాలు ఎదురు సుంకాలతో బదులిచ్చాయి. 1929 నుంచి 1933 నాటికి ప్రపంచ వాణిజ్యం విలువలో మూడింట రెండు వంతులు తరిగిపోయింది. ఈ పతనంలో ధరలు, ఆదాయాలు పడిపోవడానిదే పెద్ద వాటా అన్నది నిజమే, కానీ సుంకాలు ఆ గాయాన్ని మాననివ్వలేదు. 2009 ఏప్రిల్‌లో లండన్‌లో సమావేశమైన జీ-20 దేశాలు కలిసి ఖర్చు పెంచాలని, కొత్త వాణిజ్య అడ్డంకులు పెట్టకూడదని నిర్ణయించుకోవడం వెనుక ఆ అనుభవం ఉంది. అందరూ ఒకేసారి ఖర్చు పెడితే మన నుంచి బయటకు వెళ్ళిన డబ్బు వారి కొనుగోళ్ళుగా తిరిగి వస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరం జూట్ మిల్లుల నుంచి వస్తుంది. నెల్లిమర్ల, బొబ్బిలి ప్రాంతాల కార్మికులకు, గోగునార పండించిన రైతులకు స్వేచ్ఛా వాణిజ్యం గొప్పదని చెబితే సరిపోదు. మిల్లులు మూతపడి వారికి కలిగిన నష్టం నిజమైనది. ఆహారధాన్యాలను, చక్కెరను నిర్ణీత శాతం మేరకు గోనె సంచుల్లోనే నింపాలన్న 1987 నాటి చట్టం, బంగ్లాదేశ్, నేపాల్ జూట్ సరుకుపై 2017లో వేసిన యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా తెచ్చి పోసే విదేశీ సరుకును అడ్డుకునే అదనపు సుంకం) ఉన్నా మిల్లుల మూతలు ఆగలేదు. పోటీ పక్క దేశం నుంచే కాక ప్లాస్టిక్ సంచి నుంచి, పాతబడిన యంత్రాల నుంచి కూడా వచ్చింది. ఆ కార్మికులకు పాత బకాయిలు చెల్లించడం, మరో పని దొరికేదాకా భృతి ఇవ్వడం, కొత్త పనిలో శిక్షణ ఇప్పించడం ప్రభుత్వ ఖర్చుతో చేయదగిన పనులు. ఆ ఖర్చు బడ్జెట్‌లో అంకెగా కనిపిస్తుంది, శాసనసభలో ప్రశ్నించడానికి వీలుంటుంది. సుంకంతో చేసే సాయంలో మాత్రం ఆ భారం సంచి కొనే రైతు మీద, మిల్లరు మీద లెక్కకందకుండా పడుతుంది.