బ్యాకప్ ఉందిగా, ఇంకేం భయం? అపోహలు - వాస్తవాలు

అమలాపురం, భీమవరం వైపు చిన్న ఆఫీసుల సర్వర్లు చూస్తుంటానండి, రైస్ మిల్లులు, రొయ్యల మేత డీలర్లు, ఆడిటర్లు. వరద తర్వాత ఒకే మాట మళ్ళీమళ్ళీ వింటున్నా, అందుకే రాస్తున్నా.

అపోహ: బ్యాకప్ ఎన్‌క్రిప్ట్ చేసి (అంటే పాస్‌వర్డ్‌తో తాళం వేసి) క్లౌడ్‌లో పెట్టాం, ఇక ఢోకా లేదు.

వాస్తవం: తాళంచెవి ఎక్కడుందండీ? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల పక్కన ఒక ఆఫీసులో సర్వర్ మూడు రోజులు నీళ్ళలో నానింది, బ్యాకప్ మాత్రం రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో తీసింది, బయట భద్రంగానే ఉంది, కానీ దాని పాస్‌వర్డ్ ఆ సర్వర్‌లోనే నోట్‌ప్యాడ్ ఫైల్లో ఉంది. పెట్టిన కుర్రాడు ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు, ఫోన్ చేస్తే గుర్తులేదన్నాడు. ఒక్క బిల్లు కూడా తెరవలేకపోయాం. పై అంతస్తులో మిగిలిన కాగితాలు ముందేసుకుని అకౌంట్స్ అమ్మాయి నెలల తరబడి మళ్ళీ టైప్ చేసింది, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

కంపెనీవాళ్ళు తీసిస్తారులే అంటారు కొందరు. రెస్టిక్‌లో పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే, ఎవరూ తీయలేరు. బోర్గ్ అనే ఇంకో బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో కీఫైల్ మోడ్ (తాళంచెవి వేరే ఫైల్లో ఉండే పద్ధతి) పెట్టుకుంటే ఇంకా జాగ్రత్త, పాస్‌ఫ్రేజ్ గుర్తున్నా సర్వర్‌లో ఉన్న ఆ కీ ఫైల్ లేకపోతే తెరుచుకోదు. దాన్ని కాగితం మీద ప్రింట్ తీసుకునే కమాండ్ బోర్గ్‌లోనే ఉంది, ఈరోజే తీసుకోండి.

అపోహ: రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా కొన్ని డిస్కుల్ని కలిపి వాడే ఏర్పాటు) ఉంది కదా.

వాస్తవం: ఒక డిస్క్ చెడిపోతే రెయిడ్ కాపాడుద్ది, డబ్బా మొత్తం మునిగితే డిస్కులన్నీ కలిసే మునుగుతాయి. తడిసిన డిస్క్‌కి కరెంటు ఇచ్చి చూడొద్దు, ఉన్న ఆశ కూడా పోద్ది.

అపోహ: పొద్దున మొదలెడితే సాయంత్రానికి రెస్టోర్ అయిపోద్ది.

వాస్తవం: లెక్క వేసుకోండి, 4 టీబీ డేటా 100 ఎంబీపీఎస్ లైన్ మీద ఆగకుండా దిగినా మూడున్నర రోజులు దాటుద్ది, వరదప్పుడు కరెంటూ నెట్టూ ఎలా ఉంటాయో మీకు తెలుసు. అందుకే ఎన్‌క్రిప్ట్ చేసిన హార్డ్ డిస్క్ ఒకటి మెరకలో ఉన్న ఇంకో ఊళ్ళో ఉంచాలి, దాన్నుంచైతే గంటల్లో పని. ముందు ఈ ఏడాది అకౌంట్స్, పాత ఫోటోలు చివర్న.

ఫైళ్ళు వచ్చేశాయి అని అక్కడితో ఆపేయకండి. కొత్త సర్వర్‌లో యూజర్ ఐడీలు మారిపోతే ఒకళ్ళ ఫోల్డర్ ఇంకొకళ్ళకి తెరుచుకుంటుంది, జీతాల షీటు అందరికీ కనపడటం నేను చూశాను.

నేనైతే ఏటా జూన్‌లో, గోదారి ఎర్రబడక ముందే, సర్వర్‌ని ముట్టుకోకుండా వేరే ల్యాప్‌టాప్ మీద కాగితంలో ఉన్న పాస్‌వర్డ్ కొట్టి ఒక ఫోల్డర్ దింపుతా, దింపి ఓనర్ గారి చేతే ఒక ఇన్‌వాయిస్ తెరిపిస్తా.