పదహారు సెంటీమీటర్ల సందేహం

2010 జూన్ 27న దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటేన్‌లో ఇంగ్లాండ్, జర్మనీ ఫుట్‌బాల్ ప్రపంచకప్ నాకౌట్ మ్యాచ్ ఆడుతున్నాయి. జర్మనీ 2-1తో ముందుంది. ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి పైబార్‌కు తగిలి, గోల్ గీతకు బాగా లోపల పడి, మళ్లీ బయటికి ఎగిరింది. టీవీ ముందు కూర్చున్న కోట్లమందికి అది గోలే అని తెలిసిపోయింది. ఆ మాట చెప్పాల్సిన రిఫరీకి, లైన్ దగ్గరున్న అసిస్టెంట్‌కు మాత్రం తెలియలేదు. ఆట సాగిపోయింది, ఇంగ్లాండ్ 4-1తో ఓడింది. అప్పటిదాకా టెక్నాలజీ వద్దంటూ వచ్చిన ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్ క్షమాపణ చెప్పాడు. రెండేళ్లకు, 2012 జులైలో, గోల్‌లైన్ టెక్నాలజీకి ఆమోదం దొరికింది.

రిఫరీకి వీడియో సాయం ఉండాలా అంటే, ఉండాలి. ఇందులో నాకు సందేహం లేదు. కానీ యంత్రం ఎంత కచ్చితంగా చూడగలదో అంతవరకే దాని మాట చెల్లాలి. ఇప్పుడు ఫుట్‌బాల్‌లో జరుగుతున్న గొడవల్లో చాలావాటికి మూలం ఆ హద్దు మరిచిపోవడమే.

గోల్ గీత విషయం తేలిక. బంతి వ్యాసం సుమారు 22 సెంటీమీటర్లు. అది మొత్తంగా గీత దాటిందా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న. ఒక్కో గోల్ వైపు ఏడు కెమెరాలు బంతిని వెంబడిస్తాయి. దాటితే సెకనులోపే రిఫరీ చేతి వాచీకి సంకేతం వస్తుంది. ఆట ఆగదు, వాదన ఉండదు. అలాగని ఇది ఎప్పుడూ తప్పదని కాదు. 2020 జూన్‌లో విల్లా పార్క్‌లో ఆస్టన్ విల్లా గోల్‌కీపర్ బంతితో సహా గీత వెనక్కి పోతే, ఆటగాళ్లూ గోల్ పోస్టూ అడ్డురావడంతో ఏడు కెమెరాలకూ బంతి కనిపించలేదు. షెఫీల్డ్ యునైటెడ్‌కు రావాల్సిన గోల్ రాలేదు. ఆ సీజన్ చివర్లో విల్లా ఒకే ఒక్క పాయింటుతో కింది డివిజన్‌కు జారకుండా బయటపడింది. అయినా ఇలాంటివి అరుదు కాబట్టి ఈ టెక్నాలజీ మీద ఎవరికీ పెద్దగా ఫిర్యాదు లేదు.

అసలు చిక్కు ఆఫ్‌సైడ్‌తో. పాస్ ఇచ్చే ఆటగాడి కాలు బంతికి తగిలిన క్షణంలో, ముందున్న ఆటగాడి తలో, మొండెమో, పాదమో ప్రత్యర్థుల్లో చివరి నుంచి రెండోవాడిని, బంతిని కూడా దాటి ఉందా? ఉంటే ఆఫ్‌సైడ్, గోల్ చెల్లదు. అసిస్టెంట్ రిఫరీ ఒకే క్షణంలో రెండు చోట్లు చూడాలి, వాటి మధ్య ముప్ఫై మీటర్ల దూరమైనా ఉండొచ్చు. చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మళ్లేలోపే పరుగెత్తేవాడు ముందుకు పోయి ఉంటాడు. పైగా కదిలే వస్తువు ఆ క్షణానికి ఉన్నచోటు కంటే కాస్త ముందున్నట్టు మన మెదడుకు తోస్తుంది. ఇంకో సంగతి 2000లో నేచర్ పత్రికలో డచ్ పరిశోధకులు చూపించారు. అసిస్టెంట్ సరిగ్గా ఆ చివరి నుంచి రెండోవాడి వరుసలో నిలబడకపోతే, చూసే కోణం వల్లే తప్పు పుడుతుందని. కాబట్టి ఇది అలసత్వం కాదు, మనిషి కంటికున్న హద్దు.

అందుకే వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీకి సాయం చేసే పద్ధతి, వచ్చింది, 2018 రష్యా ప్రపంచకప్‌తో ప్రపంచమంతా దాన్ని చూసింది. వీడియో ఆపి గీత గీస్తే నిజం తేలిపోతుందని అందరూ అనుకున్నారు. కాసేపు లెక్క వేసి చూద్దాం. కెమెరా సెకనుకు 50 ఫ్రేములు తీస్తుందనుకుందాం. ఆటగాడు సెకనుకు 8 మీటర్ల వేగంతో పరుగెడుతుంటే, ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య 16 సెంటీమీటర్లు జరుగుతాడు. డిఫెండర్ అదే వేగంతో ఎదురు దిశలో వస్తుంటే ఇద్దరి మధ్య తేడా 32 సెంటీమీటర్లు. కాలు బంతికి తగిలిన అసలు క్షణం ఆ రెండు ఫ్రేముల మధ్య ఎక్కడో ఉంటుంది. అలాంటప్పుడు బొటనవేలు దాటిందని గోల్ రద్దు చేస్తే, కొలవలేనిదాన్ని కొలిచామని చెప్పడమే అవుతుంది.

2022 ఖతార్ ప్రపంచకప్‌లో ఈ సందేహాన్ని చాలావరకు తగ్గించారు. స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటిమీద 29 బిందువులను సెకనుకు 50 సార్లు గుర్తించాయి. బంతి లోపలి సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. అంటే తన్నిన క్షణం దాదాపు రెండు మిల్లీసెకన్ల తేడాతో తెలుస్తుంది. మొదటి మ్యాచ్ మూడో నిమిషంలోనే ఈక్వెడార్ ఆటగాడు ఎన్నర్ వాలెన్సియా కొట్టిన గోల్ దీనివల్ల రద్దయింది. నిజంగా గొప్ప పని ఇది. కానీ ఆ 29 బిందువులూ కంప్యూటర్ వేసిన అంచనాలే, వాటికీ కొంత తేడా ఉంటుంది.

మన క్రికెట్ అభిమానులకు డీఆర్ఎస్‌లో అంపైర్స్ కాల్ తెలుసు. ఎల్బీలో బంతి సగం కంటే తక్కువగా వికెట్లకు తగిలేలా కనిపిస్తే మైదానంలో ఇచ్చిన నిర్ణయమే నిలుస్తుంది. దాన్ని తిట్టేవాళ్లు చాలామంది. నాకు మాత్రం అందులో నిజాయితీ కనిపిస్తుంది, యంత్రం తన సందేహాన్ని ఒప్పుకుంటోంది కనుక. 2021లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆఫ్‌సైడ్ గీతలను మందం చేసి, అనుమానం ఉన్నచోట దాడి చేసే ఆటగాడికే లాభం ఇచ్చింది. సెన్సర్లు వచ్చినా ఆ పద్ధతి పోకూడదు.

ఫౌళ్లు, హ్యాండ్‌బాల్ వేరే సంగతి. అక్కడ కొలవడానికేం లేదు, తూచి చెప్పాలి. స్లో మోషన్‌లో చూపిస్తే అదే పని కావాలని చేసినట్టు ఎక్కువగా అనిపిస్తుందని 2016లో అమెరికా పరిశోధకులు ప్రయోగాలతో తేల్చారు. అరసెకనులో జరిగినదాన్ని నాలుగు సెకన్లకు సాగదీస్తే, ఆటగాడికి ఆలోచించుకునే టైమ్ దొరికినట్టే మనకు తోస్తుంది. తగిలిన చోటు తెలుసుకోవడానికే స్లో మోషన్ వాడాలని, దెబ్బ తీవ్రతను మామూలు వేగంలోనే చూడాలని వీఏఆర్ నియమాలు కూడా చెబుతున్నాయి. టీవీలో పదేపదే తిప్పే రీప్లేలకు మాత్రం ఆ నియమం వర్తించదు. జనం కోపం సగం అక్కడే పుడుతుంది.

2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాస్ కొట్టిన గోల్‌ను యంత్రం తప్పుగా చూడలేదు. మైదానంలో గోల్ ఇచ్చారనుకుని వీడియో రిఫరీ ‘చెక్ అయిపోయింది’ అన్నాడు. అక్కడ ఇచ్చింది మాత్రం ఆఫ్‌సైడ్, అలా సరైన గోల్ పోయింది. ఆట మళ్లీ మొదలైంది కాబట్టి దిద్దలేకపోయారు. ఆ సంభాషణ అప్పటికప్పుడే స్టేడియంలో వినిపిస్తే ఎవరో ఒకరు అరిచి ఆపేవాళ్లు. అదే ఏడాది మహిళల ప్రపంచకప్‌లో వీఏఆర్ చూశాక రిఫరీలు తమ నిర్ణయాన్ని మైకులో ప్రకటించారు. అది చాలదు, మాటలన్నీ వినిపించాలి.

హైదరాబాద్ ఎఫ్‌సీ టైటిల్ గెలిచిన 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ సీజన్ వీఏఆర్ లేకుండానే జరిగింది. ఇంత ఖర్చు పెట్టలేని లీగుల కోసం ఫిఫా 2024లో ఇంకో పద్ధతి పరీక్షించింది. కెమెరాలు కొన్నే, విడిగా వీడియో రిఫరీ ఉండడు. కోచ్ అడిగితే రిఫరీయే మైదానం పక్కన స్క్రీన్‌లో చూసుకుంటాడు. అడిగే అవకాశం జట్టుకు రెండుసార్లు, నెగ్గితే ఆ అవకాశం పోదు. మన లీగులు ముందు ప్రయత్నించాల్సింది దీన్నే.