గవ్వల దండకు పట్టిన నీచు

పిల్లలూ,

కళింగపట్నం ఒడ్డున ఏరుకున్న గవ్వలతో మీరు గుచ్చిన దండ నీచు కొడుతోందనీ, దాని మీద అత్తరు చల్లి పెట్టెలో దాచారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అత్తరుతో అది పోదు. అత్తరు నాలుగు రోజుల్లో ఎగిరిపోతుంది, నీచు మాత్రం అక్కడే ఉంటుంది. వాసన వస్తోందంటే లోపల ఏదో మిగిలిపోయిందని అర్థం. అదేమిటో కనిపెట్టి బయటికి తీయాలి తప్ప పైన ఇంకొకటి పూయకూడదు. గవ్వలో మిగిలేది వేరు, కొబ్బరి చిప్పలో మిగిలేది వేరు. అందుకే ఒకదానికి చేసిన వైద్యం ఇంకోదానికి పనికిరాదు.

ముందు గవ్వ సంగతి చెబుతాను. గవ్వ, శంఖం, ఆలిచిప్ప అన్నీ మెత్తటి ఒళ్లున్న జీవులు తమ ఒంటి చుట్టూ పెంచుకున్న పెంకులే. జీవి చచ్చిపోయినా, శంఖం మెలికల్లో చిటికెడు కండ ఎండిపోయి ఉండిపోతుంది. పొడిగా ఉన్నన్నాళ్లూ దాని జోలి మనకు తెలీదు. కాస్త తడి తగిలిందా, బాక్టీరియా దాన్ని కుళ్లబెట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు అమైన్లు అనే పదార్థాలు పుట్టి గాలిలో కలుస్తాయి. చేపల నీచుకి ముఖ్య కారణమైన ట్రైమిథైలమైన్ కూడా వాటిలో ఒకటి. దీనికి తోడు సముద్రపు ఉప్పు ఉంది. సరిగా కడగని గవ్వలో ఉప్పు మిగిలితే అది గాలిలోని తేమను లాక్కుంటుంది. ఎండాకాలంలో మామూలుగా ఉన్న దండ వానలు పడగానే కంపు కొట్టేది అందుకే.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. ఇంట్లో చేపలు కడిగేటప్పుడు చింతపండో నిమ్మకాయో వేసి రుద్దితే నీచు పోతుంది కదా, గవ్వలకీ అదే చేస్తే? అమైన్లకు క్షార గుణం. పులుపు తగిలితే అవి లవణాలుగా మారిపోయి ఇక గాలిలోకి లేవవు, ముక్కుకి అందవు. చేపకి పులుపు పట్టించడంలో ఉన్న కిటుకు అదే. కానీ గవ్వ పెంకు దాదాపుగా కాల్షియం కార్బొనేట్. ముగ్గులో వేసే సున్నపురాయి పిండి కూడా అదే. పులుపు దాన్ని కరిగించేస్తుంది. విరిగిపోయిన గవ్వ ఒకటి తీసుకుని దాని మీద నాలుగు చుక్కలు నిమ్మరసం వేసి చూడండి. సన్నగా బుడగలు లేస్తాయి. ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్, పోతున్నది మీ గవ్వ మెరుపు. అందుకని చింతపండు, నిమ్మ, వెనిగర్ గవ్వల దగ్గరికి రానివ్వకండి.

మరేం చెయ్యాలి? మంచినీళ్లే. దండ విప్పేసి, గవ్వల్ని ప్లాస్టిక్ బకెట్లో నానబెట్టండి. నీళ్లు రోజూ మార్చండి. పారబోసే ముందు ఆ నీళ్లు ఒకసారి వాసన చూడండి. నీళ్లకి వాసన లేనిరోజు దాకా ఆపకండి, వారం పట్టినా సరే. పాత టూత్‌బ్రష్‌తో మూతి దగ్గర రుద్దండి. లోపల కండ కనిపిస్తే, గట్టి శంఖాలని చన్నీళ్లలో వేసి మెల్లగా కాచి, చల్లారాక పిన్నీసుతో మెలిక తిప్పుతూ లాగాలి. మరిగే నీళ్లలో ఒక్కసారిగా పడేస్తే పెంకు పగలవచ్చు. పాలగవ్వల్లాంటి నున్నటివాటిని మాత్రం కాచకండి, పైమెరుపు సన్నగా బీటలిస్తుంది. వాటికి ఓపికే మందు. పెరట్లో నీడన, పొడి ఇసకలో కొన్ని వారాలు కప్పెట్టి ఉంచితే చీమలు, చిన్న పురుగులు మన చెయ్యి దూరని మూలల్లో కూడా శుభ్రం చేసేస్తాయి. నాకన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇదే. కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టండి.

బ్లీచింగ్ నీళ్లలో ముంచితే త్వరగా అవుతుందని ఎవరైనా చెబుతారు. నిజమే, వాసనా పోతుంది, పైన అంటుకున్న నాచూ పోతుంది. ఎక్కువసేపు ఉంచితే రంగూ పోతుంది. ఆ పని పెద్దవాళ్లే ఆరుబయట, చేతికి తొడుగులు వేసుకుని చెయ్యాలి. ఒక్క మాట గుండెల్లో పెట్టుకోండి: బ్లీచింగ్ నీళ్లలో నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూమ్ కడిగే యాసిడ్, ఏదీ కలపకూడదు. క్లోరిన్ విషవాయువు పుడుతుంది. మూసిన గదిలో అయితే ఊపిరికే ముప్పు.

ఏరే ముందు కూడా చూసుకోవాలి. లోపల జీవి బతికున్న శంఖాన్ని నీళ్లలోకి వదిలేయండి. ఖాళీ శంఖంలో కాపురం పెట్టిన సన్యాసి పీత కనబడితే దాన్నీ కదపకండి. పగడపు దిబ్బల ముక్కలు, సముద్రపు గుర్రాలు, తాబేలు చిప్పలు, కొన్ని రకాల పెద్ద శంఖాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికొస్తాయి, వాటితో నగ చేసుకోవడం నేరం. మన బారువ తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు కూడా ఆ చట్టం కాపాడేవే.

కొబ్బరి చిప్ప కథ వేరు. ఉద్దానం కొబ్బరి చిప్పలతో లోలాకులు చెయ్యాలని పెద్దది అడిగిందట, మంచి ఆలోచన. చిప్పకి వచ్చేది నీచు కాదు, పాత నూనె వాసన. లోపలి గోడకి అంటుకున్న కొబ్బరి పొరలో నూనె ఉంటుంది. గాలి, తేమ తగిలి అది చెడితే ఆమ్లాలు పుడతాయి. గవ్వలో క్షారం, ఇక్కడ ఆమ్లం. కాబట్టి ఇక్కడ వంటసోడా బాగా పనిచేస్తుంది, అదే గవ్వల నీచుకి పెద్దగా ఒరగబెట్టేదేమీ లేదు. ముందు చాకుతో, తరవాత గరుకు కాగితంతో ఆ పొర అంతా గీకేయండి. వేడి కుంకుడు రసంతో తోమండి, నూనె జిడ్డు వదులుతుంది. చెంబుడు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి రాత్రంతా నానబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టండి. ఎర్రటి ఎండలో పెడితే చిప్ప బీట పడొచ్చు. మెరుపు కోసం కొబ్బరినూనె రాయకండి. మీరు గీకి తీసినదాన్నే మళ్లీ పూసినట్టవుతుంది. తేనెమైనం కాస్త వెచ్చజేసి గుడ్డతో రుద్దండి, అది నూనెలా చెడదు.

కొమ్ము పూసల గురించి క్లుప్తంగా చెబుతాను. పాతపట్నం దాటితే వచ్చే పర్లాకిమిడిలో కొమ్ముతో దువ్వెనలు, బొమ్మలు చేసే పని పేరుపొందింది. కొమ్ము మన గోళ్లు, వెంట్రుకల్లాగే కెరాటిన్. అందులో గంధకం ఉంటుంది కాబట్టి, రాపిడికి వేడెక్కితే కాలిన వెంట్రుకల వాసన వస్తుంది. తడి చేసుకుంటూ అరగదీస్తే వేడెక్కదు, పొడి ముక్కులోకీ పోదు. పని అయ్యాక సబ్బుతో కడిగి గాలికి ఆరబెడితే చాలు.

చింతపిక్కలు, ఈతపిక్కలకి వచ్చేది బూజు వాసన. గుజ్జు పూర్తిగా కడిగి, గలగలమనే దాకా ఎండబెట్టండి. పాలిథిన్ సంచిలో కట్టకండి, గుడ్డ సంచిలో ఎండు వేపాకుతో ఉంచండి. గురివింద గింజ ఎంత ముద్దొచ్చినా దానికి చిల్లు పెట్టొద్దు. లోపల అబ్రిన్ అనే ఘోరమైన విషం ఉంది, గట్టి తొక్క తెగితే అది బయటపడుతుంది. పలాస వైపు దొరికే పచ్చి జీడిపిక్క తొక్క కూడా వద్దు, జీడి అంటితే చర్మం పొక్కుతుంది.

దారాన్ని ఎవరూ అనుమానించరు. నూలుదారం చెమటనీ నీచునీ రెండింటినీ తాగుతుంది. పూసలు ఎంత కడిగినా పాతదారం ఎక్కిస్తే వాసన తిరిగొస్తుంది. దాన్ని పారేయండి. నీళ్లలో ముంచకూడని తోలుతాడు ఉంటే, మూతున్న డబ్బాలో గుడ్డలో కట్టిన కట్టెబొగ్గు పక్కన కొన్ని రోజులు ఉంచండి. బొగ్గు నిండా కంటికి కనిపించని రంధ్రాలు, గాలిలోని వాసనని అవి పట్టి ఉంచుతాయి.

అంతా అయ్యాక, ఆరిన గవ్వల్ని గాజు సీసాలో వేసి మూత బిగించి, ఒక పూట ఎండలో పెట్టండి. మూత తియ్యగానే ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఏమాత్రం నీచు తగిలినా ఇంకొక వారం నీళ్లలో వెయ్యండి. తగలకపోతే కొత్త దారం ఎక్కించండి.

మీ అమ్మమ్మ
శ్రీకాకుళం