ముద్దకు ముందు మౌనం

కడపలో ఉండే మా అక్కకు కీళ్లవాతం వచ్చి 14 ఏళ్లయింది. వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని రాసే ఈ జబ్బులో, ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొరల మీద పడి ఆరని వాపును రగిలిస్తూ ఉంటుంది. పొద్దున లేవగానే పిడికిలి ముడవలేకపోవడం, చెంబు పట్టుకోలేకపోవడం ఆమెకు అలవాటైపోయాయి. మూడేళ్ల కిందట మొదలైన మరొక నొప్పికి మాత్రం ఆమె అలవాటు పడలేకపోయింది. రాత్రి భోజనమైన కాసేపటికి రొమ్ము ఎముక వెనుక గట్టిగా పట్టేసి, అక్కడి నుంచి వీపులోకి పొడుచుకుపోయి, 20 నిమిషాల పాటు మాట రానివ్వకుండా చేసి, దానంతట అదే వదిలిపోయేది. ఇ.సి.జి., రక్తపరీక్షలు, గుండె స్కానింగ్ అన్నీ బాగానే ఉన్నాయి. ఒక వైద్యుడు ఇదంతా మనసు బెంగ అని పంపేశాడు. ఆ రోజు ఇంటికి వచ్చి ఆమె నన్ను అడిగిన మాట ఇది: "గుండె బాగుందంటారు, గ్యాస్ కాదంటారు, మరి నా యెదలో ఈ పిడికిలి ఎవరిది రా?"

ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి అయినా, ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి నేను మళ్లీ పుస్తకాలు తెరవవలసి వచ్చింది. మన పాఠాల్లో అన్నవాహికను నోటికీ కడుపుకూ మధ్య ఉన్న గొట్టంగా ఒక్క వాక్యంలో దాటేస్తాం. పిల్లలు కూడా అన్నం బరువుకు కిందికి జారిపోతుందనే అనుకుంటారు. నిజానికి తల కిందికి పెట్టి వేలాడే మనిషి కూడా నీళ్లు మింగగలడు. సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న ఆ కండరపు గొట్టం ముద్దను సెకనుకు 3, 4 సెంటీమీటర్ల చొప్పున అలలా నెట్టుకుంటూ 8 నుంచి 10 సెకన్లలో కడుపు వాకిలికి చేరుస్తుంది. ఆ నెట్టడం గురించి అందరూ రాస్తారు. దానికి ముందు జరిగేదే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది.

రథసప్తమి నాడు దేవుని కడపలో తేరు కదలడం చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. తాళ్లు లాగేవారిని కాసేపు పక్కన పెట్టి, వీధిలోని జనాన్ని మాత్రమే తలుచుకోండి. తేరు కదలకముందే ఈల మోగుతుంది, వీధి ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒక్కసారే ఖాళీ అవుతుంది. తేరు ముందుకు సాగేకొద్దీ, అది దాటిన చోట జనం మళ్లీ వీధిలోకి వచ్చి వెనుక నుంచి తోస్తారు. మొదటి ఇళ్ల దగ్గరివారు త్వరగా దిగుతారు, చివరి ఇళ్ల దగ్గరివారు చాలాసేపు అరుగుల మీదే ఆగి ఉండాలి. ఖాళీ చేయమన్న ఆజ్ఞ అందరికీ ఒకేసారి అందుతుంది, తిరిగి దిగే సమయం మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కోటి. అన్నవాహికలోనూ జరిగేది ఇదే. మింగిన క్షణంలోనే కింది నునుపు కండరమంతా ఒక్కసారి వదులై మౌనం వహిస్తుంది. ఆ మౌనం పైభాగంలో పొట్టిది, కిందికి పోయేకొద్దీ పొడుగైనది. ఈ తేడా వల్లనే బిగింపు పై నుంచి కిందికి వరుసగా, అలగా వస్తుంది.

ఈల ఊదేది నైట్రిక్ ఆక్సైడ్ అనే చిన్న వాయు అణువు. మెదడు నుంచి కడుపు దాకా దిగే వేగస్ నాడి ద్వారా వచ్చిన సందేశంతో అన్నవాహిక గోడలోని నాడీకణాలు దాన్ని విడుదల చేస్తాయి. ఆ తర్వాత బిగించమని చెప్పేది ఎసిటైల్ కోలిన్ అనే నాడీ రసాయనం. పైభాగంలో ఎసిటైల్ కోలిన్ ప్రభావం బలంగా ఉండి, కిందికి దిగేకొద్దీ నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావం పెరుగుతుంది కనుక, నునుపు కండరాన్ని వేరుచేసి ముక్కలుగా కోసి పరీక్షించినా కింది ముక్క పై ముక్క కంటే ఆలస్యంగానే స్పందిస్తుంది. అంటే నిరీక్షణ ఆ గోడలోనే రాసిపెట్టి ఉంది. 1990ల్లో ఆరోగ్యవంతులైన వ్యక్తుల రక్తంలోకి, నైట్రిక్ ఆక్సైడ్‌ను పీల్చేసుకొనే కృత్రిమ హీమోగ్లోబిన్‌ను ఎక్కించి చూశారు. ఏ జబ్బూ లేని ఆ అన్నవాహికల్లో అలలు చెదిరి, గొట్టమంతా ఒకేసారి బిగుసుకొనే సంకోచాలు పుట్టాయి. ఈ బిగింపులే జబ్బుగా ఉన్నవారికి, గుండె నొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్ ఇచ్చినప్పుడు, అది శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది కనుక, పోయిన నిరీక్షణ తిరిగి వచ్చింది. నేను చదివిన వాటిలో ఇంత అందంగా అటూ ఇటూ సరిపోయిన రుజువులు తక్కువ. రక్తనాళాల్లో ఇదే అణువు చేసే పనిని కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాడ్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక అక్క ప్రశ్నకు వస్తే, ఆ పిడికిలి ఆమె అన్నవాహికదే. ఈల బలహీనమైనప్పుడు వీధి చివరివారు తేరు రాకముందే దిగిపోతారు, ముందూ వెనుకా ఒకేసారి తోపులాట మొదలై తేరు మధ్యలో నలిగిపోతుంది. దీన్నే స్పాజం అంటారు. బేరియం మింగించి ఎక్స్‌రే తీస్తే అప్పుడు అన్నవాహిక మెలితిరిగిన మరలా కనిపిస్తుంది. వరుస సరిగ్గానే ఉండి తోపు మాత్రం విపరీతమైతే అది జాక్‌హామర్ అన్నవాహిక. చివరి తలుపే తెరుచుకోకపోతే అకలేసియా. స్క్లెరోడెర్మా అనే మరో వాపు జబ్బులో కథ తలకిందులవుతుంది: నునుపు కండరం కృశించి, తోసేవారే లేని ఖాళీ వీధిలో తేరు నిలిచిపోతుంది, కింది వాకిలి వదులై పులుపు పైకి ఎగదన్నుతుంది. అందుకే ఒకరికి పనిచేసిన మందు చూసి మరొకరు వాడకూడదు.

వీటిని వేరుచేసే పరీక్ష పేరు మానోమెట్రీ. అక్కను దాని కోసం బెంగళూరుకు తీసుకుపోయాము. సెంటీమీటరుకొకటి చొప్పున 36 పీడన సూచికలున్న సన్నని గొట్టాన్ని ముక్కు గుండా దించి, 5 మిల్లీలీటర్ల చొప్పున పదిసార్లు నీళ్లు మింగించారు. మింగడం మొదలైనప్పటి నుంచి బిగింపు అడుగుభాగం చేరేవరకు కనీసం 4.5 సెకన్లు పట్టాలి. పదింటిలో రెండుసార్లు అంతకంటే ముందే బిగుసుకున్నా స్పాజం లక్షణంగా లెక్కిస్తారు. అక్కకు నాలుగుసార్లు అలా జరిగింది. తెరమీద వాలుగా దిగవలసిన రంగుల చార నిటారుగా గోడలా నిలబడినప్పుడు, "ఇదిగో, ఇదే" అని ఆమె తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది.

కీళ్లవాతానికీ దీనికీ సంబంధం ఏమిటన్నది నన్ను చాలా రోజులు తొలిచింది. సమాధానం మందుల డబ్బాలోనే దొరికింది. వాచిన వేళ్లతో ఆమె మాత్రల అట్టను నొక్కలేకపోయేది. కొడుకు రాత్రి డ్యూటీకి పోయేముందు అన్నీ ఒలిచి గిన్నెలో వేసి పెట్టేవాడు, ఆమె పడుకొనేటప్పుడు ఒక్క గుక్క నీళ్లతో అన్నీ మింగి వెంటనే ఒరిగేది. అలా మింగిన నొప్పి మాత్ర అన్నవాహికలోనే అంటుకుపోయి గోడను ఒరిపిస్తుంది. ఎముకలు గుల్లబారకుండా వారానికొకసారి వేసుకొనే అలెండ్రోనేట్ మరీ ప్రమాదం. దాన్ని పొద్దున్నే పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి అరగంట నిటారుగా ఉండాలి. స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడితే అక్కడ బూజులాంటి ఫంగస్ చేరి మింగడమే నొప్పి కావచ్చు. ట్రమడాల్ వంటి మత్తు నొప్పి మందులు మౌనాన్నే చెరిపి స్పాజం లాంటి బిగింపులు తెప్పిస్తాయి. వీటన్నిటికీ తోడు, ఒరిసిన గోడలో వాపు రసాయనాలు నాడీ కొనల సహనాన్ని తగ్గిస్తాయి; మామూలు అల కూడా నొప్పిగా తోస్తుంది. మిరపకారంలోని క్యాప్సైసిన్‌కు స్పందించే గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. వేడికీ, పులుపుకూ స్పందించేది కూడా అదే. కనుక పులితేన్పులతో మండుతున్న గొట్టం మీద ఉగ్గానీ పక్కన తినే మిరపకాయ బజ్జీ ఏం చేస్తుందో ఊహించవచ్చు. అక్క బజ్జీ మానింది, చట్నీలో కారం తగ్గించింది. ఏది పడలేదో నోటు పుస్తకంలో రాసుకుంటుంది. కారమంతా మానమని ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కరలేదు కూడా.

నొప్పి వచ్చిన మొదటి రోజుల్లో ఇంట్లోవారు ఎండుమిరపకాయలు, ఉప్పు దిగదుడిచి దిష్టి తీశారు, గోలీ సోడా తాగించారు, పక్కింటాయన గుండె మాత్ర నాలుక కింద పెట్టించాడు. 20 నిమిషాల్లో తనంతట తానే పోయే నొప్పికి, ఆ 20 నిమిషాల్లో ఏది చేసినా అదే పోగొట్టినట్టు కనిపిస్తుంది. సోడాలోని గాలి గొట్టాన్ని ఇంకా సాగదీస్తుంది. గుండె మాత్ర సంగతి ఇంకా ముఖ్యమైనది: నైట్రేట్ మందు గుండె నొప్పినీ తగ్గిస్తుంది, అన్నవాహిక స్పాజాన్నీ తగ్గిస్తుంది, కనుక మాత్రతో తగ్గింది కాబట్టి ఇది ఫలానా అని ఇంట్లో తేల్చుకోవడానికి వీల్లేదు. రెండు అవయవాల నొప్పి వార్తలూ వెన్నుపాములో దాదాపు ఒకే మెట్ల దగ్గర చేరతాయి. నొప్పి కొత్తగా వచ్చినా, చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో పాకినా, ముందు ఆస్పత్రికి పోయి ఇ.సి.జి. తీయించుకోవాలి. బరువు తగ్గడం, రోజురోజుకూ ముద్ద ఎక్కువగా అడ్డుపడటం, నల్లని విరేచనం ఉంటే ఎండోస్కోపీకి ఆలస్యం చేయకూడదు.

అక్కకు ఆమ్లం తగ్గించే మాత్ర, కండరాన్ని వదులు చేసే డిల్టియాజెమ్, రాత్రికి అతి తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాశారు. చివరిది మనసు జబ్బుకు ఇచ్చే మందని తెలిసి ఆమె నొచ్చుకుంది. ఆ మోతాదులో అది నాడుల అతిస్పందనను తగ్గించడానికేనని వైద్యురాలు ఓపికగా చెప్పింది. పెప్పర్‌మింట్ నూనె కొందరిలో ఒకేసారి వచ్చే బిగింపులను అణచినట్టు చూశారు గానీ, అది కింది వాకిలిని వదులు చేసి పులుపును పైకి రానిస్తుంది. మన పుదీనా వేరే జాతి, అందులో మెంథాల్ స్వల్పం. పచ్చడిని మందుగా తినవలసిన పనిలేదు. మాత్రలు రెండు పూటలకు విడదీశారు. ముఖ్యంగా, కీళ్లవాతం మందు ఏదీ ఆపలేదు. వాపు రేగితే నొప్పి మాత్రలు పెరుగుతాయి, అవి మళ్లీ అన్నవాహికనే ఒరిపిస్తాయి.

వేడినీళ్లు ఆమెకు ఎక్కువగా ఉపకరిస్తున్నాయి. వేడినీరు సంకోచాన్ని త్వరగా ముగిస్తుందనీ, చల్లని నీరు సాగదీస్తుందనీ పీడన పరీక్షల్లో తేలింది. ఫ్లాస్కు మూత ఆమె తిప్పలేకపోతుంది కనుక, నొక్కితే నీళ్లు వచ్చే ఫ్లాస్కును మంచం పక్కన పెట్టుకుంది. నొప్పి మొదలవగానే లేచి కూర్చుని, కడుపు నిండా నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ, గుక్క గుక్కగా తాగుతుంది.

సంగటి మాత్రం మానలేదు. మన సీమలో సంగటిని నమలరు, ముద్దను పులుసులో అద్ది మింగుతారు. పెద్ద ముద్ద గోడను సాగదీసి బిగింపును రేపుతుంది. పైగా ఒక మింగుడు తర్వాత వెంటనే ఇంకొకటి మింగితే, రెండోదాని ఈల మొదటి అలను సగంలోనే ఆపేస్తుంది. చివరి మింగుడు తర్వాతే అల పూర్తిగా దిగుతుంది. అందుకని ఇప్పుడు ఆమె ముద్దను ఉసిరికాయంత చేసి, మింగి, పళ్లెంలో చెయ్యి పెట్టుకొనే పది వరకు లెక్కపెట్టి, ఆ తర్వాతే ఇంకొక ముద్ద తీసుకుంటుంది.