గ్లాసు పాతదే, ఒళ్లు పాతది కాదు

"డాక్టరుగారూ, రోజూ ఓ గ్లాసు రెడ్ వైన్ గుండెకు మంచిదట కదా?" పెద్దవయసు వాళ్లకే వైద్యం చేసే నాకు ఈ ప్రశ్న తప్పని వారం లేదు. 1990లలో మొదలైన ప్రచారం ఇది. అప్పటి చాలా అధ్యయనాల్లో జబ్బుచేసి మానేసినవాళ్లను కూడా 'తాగనివాళ్ల' లెక్కలో వేశారు. వాళ్లతో పోలిస్తే కొద్దిగా తాగేవాళ్లు ఆరోగ్యంగా కనిపించరా మరి? గుండె కోసమని అరవై దాటాక కొత్తగా మొదలుపెట్టకండి. అంతే.

కొంప ముంచే అపోహ వేరే ఉంది: "ముప్పై ఏళ్లుగా తాగుతున్న గ్లాసే, ఇప్పుడేమవుతుంది?" వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీరు, కండ తగ్గుతాయి. అందుకే అదే 150 మిల్లీలీటర్లకు రక్తంలో ఆల్కహాల్ మునుపటికన్నా ఎక్కువ చేరుతుంది. దానికి తోడు మాత్రలు. బీపీ మాత్ర వేసుకునేవాళ్లకు లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు షుగర్ పడిపోవచ్చు. నిద్రమాత్రతో అయితే అసలు వద్దు.

ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు రాత్రి బాత్‌రూమ్‌కి లేచి పడ్డారు, తుంటి ఎముక విరిగింది. అంతకుముందు నేనే అడిగాను, "మందు అలవాటుందా?" అని. లేదన్నారు. అబద్ధం కాదు, ఆయన దృష్టిలో వైన్ మందే కాదు! నిద్రమాత్ర రాసిచ్చింది కూడా నేనే. ఆ రోజు నుంచి వైన్ సంగతి విడిగా అడుగుతున్నాను.

వైన్‌తో నిద్ర బాగా పడుతుందా? త్వరగా పడుతుంది, అర్ధరాత్రి చెడుతుంది. క్యాన్సర్ భయం లేదా? ఆల్కహాల్ ఏ సీసాలోదైనా క్యాన్సర్ కారకమేనని 1988లోనే తేల్చారు.

ఇవన్నీ విని హడలిపోయేవాళ్లూ ఉంటారు. పూర్తిగా సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, నిజమే. అలాగని మనవరాలి పెళ్లిలో తాగిన అరగ్లాసుకు టెన్షన్ పడకండి. రోజూ బాగా తాగేవాళ్లు మాత్రం ఒక్కసారిగా మానేయొద్దు, వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించండి.

మాస్టారికి నిద్రమాత్ర ఆపించాం. ఆదివారం చదరంగం ఆడేటప్పుడు అరగ్లాసు, అదీ భోజనంతోనే అని ఒప్పందం. పోయినసారి చెకప్‌లో తుంటి గురించి రెండు ముక్కలు చెప్పి, ఓడిపోయిన ఆట గురించి పావుగంట చెప్పారు. బయట పేషెంట్లు ఒకటే గొణుగుడు.