ఐర్లండ్ కరువు, మతం, భాష: అపోహలు - వాస్తవాలు

ఐర్లండ్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండు: ఆలుగడ్డల కరువు, కేథలిక్ - ప్రొటెస్టెంట్ గొడవలు. రెండూ జరిగినవే. అయితే భూమి ఎవరి పేరున ఉంది, కౌలు ఎవరు కట్టారు, పన్ను ఎవరి నెత్తిన పడింది అన్నవి పక్కన పెడితే రెండూ తప్పుగానే అర్థమవుతాయి. ఈ చరిత్ర చెప్పేటప్పుడు మాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి. కరువు మీదే గందరగోళం ఎక్కువ కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాం.

అపోహ: దేశంలో తిండి గింజే లేక జనం చచ్చిపోయారు.

దీనికి ఎదురు అపోహ కూడా ఉంది: పండిన ధాన్యమంతా ఇంగ్లండుకు తరలించారని. రెండూ సగం సగమే.

వాస్తవం: ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్ అనే తెగులు 1845 సెప్టెంబరులో ఐర్లండ్ చేరింది. ఆ ఏడు పంటలో కొంత భాగమే పోయింది. 1846లో దాదాపు మొత్తం పోయింది. అప్పటి కూలి రైతు కుటుంబం లెక్క ఇలా ఉండేది: పొలంలో ఓట్స్ ధాన్యమో గోధుమో పండితే అది కౌలు కట్టడానికి, పంది పెంచితే అదీ కౌలుకే. తినడానికి మాత్రం ఆలుగడ్డ. కష్టం చేసే మగవాడు రోజుకు ఐదారు కిలోలు తినేవాడు, అదీ ఎక్కువగా లంపర్ అనే ఒక్క రకమే. ఒకటే రకం కాబట్టి తెగులు సోకితే ఊళ్లకు ఊళ్లు ఒకేసారి పోయాయి. ధాన్యం తిందామంటే కౌలు బాకీ పడుతుంది, బాకీ పడితే ఇల్లు ఖాళీ చేయాలి. కళ్ల ముందు ధాన్యం బళ్లు రేవుకు పోతుంటే జనం పస్తులుండటానికి కారణం ఇదే.

ఎగుమతుల విషయానికొస్తే, 1847లో బయటి నుంచి వచ్చిన ధాన్యం బయటికి పోయినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అసలు ప్రాణాలు తీసింది 1846 శరత్తుకూ 1847 వసంతానికీ మధ్య వచ్చిన ఖాళీ. పంట పోయింది, మొక్కజొన్న ఓడలు ఇంకా రాలేదు, ఎగుమతి ఆపలేదు. మొత్తం ఏడాది లెక్క చూసి తీర్పు చెప్పేవాళ్లు ఈ నెలలను మరచిపోతారు.

వచ్చిన మొక్కజొన్నతో ఇంకో చిక్కు. గింజ గట్టిది, ఒకసారి ఆడిస్తే నలగదు. సరిగా ఉడకని పిండి తిని పేగులు పాడయ్యాయి. పైగా ఆలుగడ్డలో ఉన్న సి విటమిన్ మొక్కజొన్నలో లేదు కాబట్టి చిగుళ్లు చెడే స్కర్వీ వ్యాపించింది. చనిపోయిన సుమారు పది లక్షల మందిలో నేరుగా ఆకలితో పోయినవాళ్లకంటే టైఫస్, తిరగబెట్టే జ్వరం, రక్తవిరేచనాలతో పోయినవాళ్లే ఎక్కువ. మొదటి రెండూ పేల ద్వారా అంటుకునేవి. పని కోసం, గంజి కోసం జనం గుంపులుగా చేరినచోటల్లా అవీ చేరాయి. 1841లో 81.75 లక్షలున్న జనాభా 1851 నాటికి 65.5 లక్షలకు పడిపోయింది. చావులతో పాటు వలసలూ అందులో ఉన్నాయి.

అపోహ: ప్రభుత్వం ఏమీ చేయలేదు.

వాస్తవం: చేసింది. చేసిన తీరే చంపింది. వరస చూడండి. ఐర్లండ్ అప్పుడు బ్రిటన్ పాలనలో ఉంది. బ్రిటన్ ప్రధాని పీల్ 1845 నవంబరులో లక్ష పౌండ్ల విలువైన మొక్కజొన్న అమెరికాలో కొనిపించాడు. 1846లో వచ్చిన రస్సెల్ ప్రభుత్వం ధాన్యం వ్యాపారుల చేతికి వదిలేసి కరువు పనుల మీద ఆధారపడింది. 1847 మార్చి నాటికి ఏడు లక్షల మందికి పైగా రోడ్లు వేస్తున్నారు. కూలి చేసిన పనిని బట్టి ఇచ్చేవారు, పస్తులున్నవాడు పని చేయలేడు, డబ్బు సమయానికి అందేది కాదు, ఈలోగా ధర పెరిగిపోయేది. విత్తనం దుంపలు తినేశారు, మనుషులు రోడ్ల మీద ఉన్నారు, పొలాలు బీడు పడ్డాయి. 1847లో తెగులు పెద్దగా రాకపోయినా పంట లేకపోవడానికి కారణం అది.

తర్వాత పెట్టిన గంజి కేంద్రాలు పనిచేశాయి. 1847 జులైలో రోజుకు 30 లక్షల మందికి పైగా తిండి అందింది, ఖర్చూ తక్కువ. అయినా సెప్టెంబరు కల్లా మూసేసి భారమంతా పేదల సాయానికి స్థానికంగా వసూలు చేసే పన్ను మీదికి, వర్క్‌హౌస్‌ల (పేదలను ఉంచి పని చేయించుకుని తిండి పెట్టే ఆశ్రయాల) మీదికి నెట్టారు. పేదల సాయం చట్టంలోని ఒక నిబంధన ప్రకారం పావు ఎకరాకు మించి చేతిలో ఉన్న కుటుంబానికి సాయం లేదు. గంజి కావాలంటే పొలం వదులుకోవాలి. నాలుగు పౌండ్లు, అంతకు తక్కువ విలువ కట్టిన కమతాల పన్ను భూస్వామే కట్టాలన్నది ఇంకో నిబంధన. చిన్న కౌలుదారును వెళ్లగొట్టి గుడిసె కూలగొడితే భూస్వామికి ఆ పన్ను తప్పుతుంది. 1849 నుంచి 1854 వరకు పోలీసుల లెక్కకు ఎక్కినవాళ్లే దాదాపు రెండున్నర లక్షల మంది ఇళ్లు పోగొట్టుకున్నారు.

డబ్బు లేక కాదు. మొత్తం కరువుకు ఖజానా ఇచ్చింది దాదాపు 80 లక్షల పౌండ్లు, అందులో చాలా భాగం మొదట అప్పుగానే. కరువుకు పన్నెండేళ్ల ముందు, 1833లో, బానిసల యజమానులకు నష్టపరిహారంగా అదే పార్లమెంటు రెండు కోట్ల పౌండ్లు మంజూరు చేసింది. ఇది ఐరిష్‌వాళ్లను నిర్మూలించాలని ముందే వేసిన పథకమని చెప్పడాన్ని ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకోరు. మేమూ ఒప్పుకోం. అలాగని ప్రకృతి వైపరీత్యమని చేతులు దులుపుకోవడం అంతకంటే అన్యాయం.

ఖజానా అధికారి చార్ల్స్ ట్రెవెల్యాన్ ఒక్కడే దోషి అన్న మాట కూడా సరికాదు. ఆయన మొండివాడే. కానీ నిర్ణయాలు రస్సెల్ మంత్రివర్గానివి. ఈయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు, అంటే కోస్తా, రాయలసీమ జిల్లాలు కొంతకాలం ఆయన ఏలుబడిలో ఉన్నాయి.

అపోహ: విక్టోరియా రాణి ఇచ్చిన విరాళం ఐదు పౌండ్లు.

వాస్తవం: రెండు వేల పౌండ్లు. ఐదు పౌండ్ల మాట జనం కసిలోంచి పుట్టింది.

అపోహ: కరువు కేథలిక్కులకే, గంజి కోసం లక్షల మంది మతం మారారు.

వాస్తవం: చావులు ఎక్కువగా పడమటి, దక్షిణ జిల్లాల్లో. అక్కడి పేదలు ఎక్కువగా కేథలిక్కులు కాబట్టి నష్టమూ వాళ్లదే ఎక్కువ. కానీ ఉత్తరాన లర్గన్ వర్క్‌హౌస్‌లో, బెల్‌ఫాస్ట్ జ్వరాల్లో ప్రొటెస్టెంట్ పేదలూ పోయారు. మతం మారితేనే గంజి అన్న చోట్లు ఉన్నాయి, అకిల్ దీవిలోని ప్రొటెస్టెంట్ మిషన్ మీద ఆ నింద గట్టిగా పడింది. అయితే క్వేకర్లు అనే చిన్న ప్రొటెస్టెంట్ వర్గంవాళ్లు ఏ షరతూ లేకుండా వండిపెట్టారు. రోగులకు సేవ చేస్తూ జ్వరం అంటుకుని పోయిన ప్రొటెస్టెంట్ పాదిరీలూ ఉన్నారు. మారినవాళ్లు తక్కువ, ఆ నింద మాత్రం తరాల పాటు కుటుంబాలను వెంటాడింది.

అపోహ: శిక్షాస్మృతుల (కేథలిక్కుల హక్కులు కుదించిన చట్టాల) కాలంలో కేథలిక్‌గా ఉండటమే నేరం.

వాస్తవం: 1695 నుంచి వచ్చిన ఆ చట్టాలు ప్రధానంగా గురిపెట్టింది ఆస్తికి. 1704 చట్టం ప్రకారం కేథలిక్ భూమి కొడుకులందరికీ ముక్కలు కావాలి. పెద్దకొడుకు ప్రభుత్వ చర్చిలో, అంటే ప్రొటెస్టెంట్ ఆంగ్లికన్ చర్చిలో చేరితే మొత్తం అతనిదే. కౌలు 31 ఏళ్లు దాటకూడదు. 1703లో కేథలిక్కుల చేతిలో సుమారు 14 శాతం భూమి ఉండేది, 1770ల నాటికి అది ఐదు శాతం. పూజలు మాత్రం చాలాచోట్ల చూసీచూడనట్టు సాగాయి. అదే 1704 చట్టం ప్రొటెస్టెంట్లే అయినా ప్రభుత్వ చర్చికి చెందని ప్రెస్బిటేరియన్లను కూడా ప్రభుత్వ పదవులకు దూరం చేసింది. 1791లో బెల్‌ఫాస్ట్‌లో బ్రిటిష్ పెత్తనాన్ని ఎదిరించిన యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘం పెట్టినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే కావడం అందుకే వింత కాదు.

అపోహ: ఐరిష్ జాతీయత, సాహిత్యం కేథలిక్కుల సొత్తు.

వాస్తవం: విప్లవకారుడు వుల్ఫ్ టోన్, స్వయంపాలన నాయకుడు పార్నెల్, కవి యేట్స్ ప్రొటెస్టెంట్లు. 1893లో ఐరిష్ భాష కోసం గేలిక్ లీగ్ స్థాపించి, 1938లో తొలి దేశాధ్యక్షుడైన డగ్లస్ హైడ్ ప్రొటెస్టెంట్ పాదిరీ కొడుకు. ఐరిష్ సాహిత్యోద్యమంలోని కవి జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్ట్ మెథడిస్టు కుటుంబంవాడు. 1915లో మనదేశం వచ్చి మదనపల్లె కళాశాలలో పాఠాలు చెప్పాడు. 1919లో టాగూర్ అక్కడే ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు, కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాసిపెట్టింది.

అపోహ: 1922లో డబ్లిన్ రికార్డుల కార్యాలయం మంటల్లో రికార్డులన్నీ కాలిపోయాయి, పూర్వీకులను వెతకడం వృథా.

వాస్తవం: డబ్లిన్‌లో కాలినవాటిలో 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణన పత్రాలు దాదాపు అన్నీ ఉన్నాయి. 1861 నుంచి 1891 వరకు ఉన్నవాటిని అంతకుముందే అధికారులే నాశనం చేశారు. 1901, 1911 పత్రాలు భద్రంగా ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. అంతకు ముందు కాలానికి గ్రిఫిత్ భూవిలువల జాబితా పట్టండి. అందులో ఇంట్లో ఉండే కుటుంబ పెద్ద పేరు, భూస్వామి పేరు ఉంటాయి, పిల్లలు కనపడరు.

పేరును బట్టి మతం ఊహించొద్దు. 1960లలో ఉత్తర ఐర్లండ్ యూనియనిస్టు (బ్రిటన్‌తోనే ఉండాలనే పక్షం) ప్రధానిది ఓనీల్ అనే ఐరిష్ పేరు, తర్వాతి కాలపు జాతీయవాద నాయకుడిది ఆడమ్స్ అనే ఇంగ్లీషు పేరు. పత్రంలో మతం గడి విడిగా ఉంటుంది, అది చదవండి. పక్కన ఐరిష్ భాష గడి ఖాళీగా ఉంటే వివరం పోయిందనుకోకండి: ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాళ్లు ఆ గడి ఖాళీగా వదలాలన్నదే పత్రం మీది సూచన.